రెండు వేళ్ల సందు

కరకగూడలో పక్షికి కూడా పురుడు పాటిస్తారని కూర్మనాథానికి ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకొనే వీలు ఆయనకు ఏ కోశానా లేదు.

అనంతగిరి దాటి అరకు వైపు పోయే బండిబాటకు ఎడమచేతి వైపు కొండెక్కితే వచ్చే పద్దెనిమిది గడపల గూడెం అది. 1927 వేసవిలో ఆయన అక్కడికి వెళ్లడం మూడోసారి. మైదానంలో ఒక కాలేజీలో ప్రకృతిశాస్త్రం డెమాన్‌స్ట్రేటరు ఆయన. వయసు నలభై ఆరు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. మొదటి ఏడాది సాయంత్రాలు ఇంట్లో ఉండలేక మామిడితోటల వెంట తిరిగేవాడు. అలా తిరుగుతూనే పిట్టలను చూడటం మొదలుపెట్టాడు. పాలపిట్ట కనిపించిన రోజున ఆయనకు అన్నం సహించేది. తర్వాత బైనాక్యులర్సు వచ్చాయి. ఆ తర్వాత, దేశం వదిలి వెళ్తూ ఒక దొర అమ్మేసిన, గాజు పలక మీద బొమ్మ పట్టే ప్లేటు కెమెరా వచ్చింది.

పిట్టను తుపాకితో కొట్టి, లోపల దూది కూరి, అద్దాల బీరువాలో నిలబెట్టే పద్ధతి ఆయనకు గిట్టదు. "ప్రాణం తీయకుండా రూపం తీసుకోవడం మన పని" అని విద్యార్థులకు చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా వినిపించేది.

కొమ్ముపిట్ట కోసం వచ్చాడు ఈసారి. గద్దకన్నా పెద్ద పక్షి. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు పచ్చటి కొమ్ము. గుడ్లు పెట్టే కాలానికి ఆడది చెట్టు తొర్రలోకి దూరి, తన రెట్టతో, మట్టితో, పండ్ల గుజ్జుతో లోపలినుంచి గోడ కట్టేసుకుంటుంది. ముక్కు కొన పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. లోపలికి వెళ్లాక రెక్కల ఈకలు రాలిపోతాయి, ఎగరలేదు. మగది మూడు నెలలపాటు మర్రిపళ్లూ మేడిపళ్లూ గొంతులో నింపుకొచ్చి, ఒక్కొక్కటే కక్కి, ఆ సందులోంచి అందిస్తుంది. అది రావడం మానేస్తే లోపల తల్లీ పిల్లా ఆకలికి చావాల్సిందే.

ఆ తొర్ర ఎవరి పోడు గట్టున ఉంటే ఆ ఇంటివాళ్లు కాపు. ఆ చుట్టుపక్కల గొడ్డలి చప్పుడు చేయకూడదు. చైత్రమాసపు వేటకు వెళ్లే మగవాళ్లు కూడా దూరంగా చుట్టు తిరిగి పోతారు. బాటకు అడ్డంగా ముళ్లకంప వేస్తారు. పిల్ల ఎగిరిపోయి, వాన పడి, గూడెం విత్తనానికి దిగినప్పుడు మొదటి గుప్పెడు సామలు ఆ ఇంటి చేతినుంచే పడాలి. ఆ ఏడు కొమ్ముపిట్ట గాసి పోడు గట్టు మీది చెట్టులోకి వచ్చింది. గాసి తండ్రికీ తాతకీ దక్కని మర్యాద అది. గాసి పెళ్లాం దేముడమ్మ అప్పుడే ఒక బుట్ట సామలు ఏరి, మూత పెట్టి, అటక మీద దాచింది.

అంత పట్టింపు ఉన్నవాడు పరాయి మనిషిని ఆ చెట్టు దగ్గరికి రానివ్వడానికి కారణం ఒకటే. కిందటేడు వాళ్ల కూతురు కనకకు కొండజ్వరం వస్తే కూర్మనాథం తన పెట్టెలోని క్వినైను మాత్రలు ఇచ్చాడు. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి దగ్గరుండి మింగించాడు.

"సూసుకోండి బాబూ. ముట్టుకోకండి. నోపల పురిటాలుంది" అన్నాడు గాసి, ముళ్లకంప పక్కకు తీస్తూ.

"ముట్టుకోను గాసీ. మాట."

"మీ మాట నాకు సాలు."

పక్క చెట్టు మీద ఆకులు కప్పిన మంచె కట్టాడు గాసి. మొదటి రోజు అది ఇరవై గజాల దూరంలో ఉంది. అక్కణ్నుంచి మగపక్షి తిండి పెట్టడం చక్కగా కనిపించింది. రెండు ప్లేట్లు తీశాడు కూర్మనాథం. ఇంకాస్త దగ్గరైతే బాగుండునన్నాడు. గాసి మంచె విప్పి, పది గజాల్లో కట్టాడు. మూడో రోజుకు ఆ మంచె తొర్ర పక్కకు వాలిన కొమ్మ మీదికి, చెయ్యి చాస్తే అందేంత దూరానికి వచ్చింది. గాసి ప్రతిసారీ తల గోక్కున్నాడు, ప్రతిసారీ కట్టాడు.

దేముడమ్మకు ఆయన కెమెరా వెనక కప్పుకునే నల్లగుడ్డ చూస్తే నవ్వు. "నెత్తిమీద ముసుగేసుకుని పెళ్లికూతురునాగ కూకుంటాడు బాబు. ఆ పిట్ట సిగ్గుపడి సావదూ!" అనేది. కూర్మనాథం కూడా నవ్వేవాడు.

ఆయన జేబులో మద్రాసునుంచి వచ్చిన స్నేహితుడి ఉత్తరం ఉంది. మగది తిండి పెట్టే ఫొటోలు ఇదివరకే ఉన్నాయట. గోడ వెనక కూర్చున్న తల్లి ఫొటో మాత్రం ఎవరూ తీయలేదట. అది దొరికితే పత్రికలో మొదటి పేజీ నీదేనని రాశాడు. కూర్మనాథం ఆ ఉత్తరాన్ని రోజుకు రెండుసార్లయినా విప్పి చదివేవాడు.

నాలుగో రోజు పొద్దున్న మగపక్షి తిండి పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రావడానికి గంట పడుతుంది. కూర్మనాథం గెడ్డం గీసుకునే అద్దం తీసి, ఎండను తొర్ర సందులోకి మళ్లించాడు. పచ్చటి ముక్కు కొన ఒక్కటే మెరిసి వెనక్కి పోయింది. లోపల చీకటి.

"గాసీ, కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతావా? కింద పారే గెడ్డ నీళ్లు, చల్లగా ఉంటాయి."

మంచె మీద కూజాలో నీళ్లున్నాయి. సగానికి పైగా ఉన్నాయి. కింద పొద మాటున కూర్చున్న గాసి పైకి చూశాడు. "నానిక్కడినించి కదలకూడదు బాబూ" అన్నాడు. మళ్లీ తనే, "పోనీ, బేగి వచ్చేత్తాను" అని దిగువకు పోయాడు.

అతని అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా కూర్మనాథం కాచుకున్నాడు. పెన్సిళ్లు చెక్కుకునే కత్తి తీశాడు. రెండు వేళ్ల సందు చాలు అనుకున్నాడు. రెండు వేళ్ల మేర గీసి వెడల్పు చేస్తే వెలుగు లోపలికి పోతుంది, మళ్లీ పూసేయవచ్చు. మనసులో ఆ లెక్క ఎంతో సబబుగా తోచింది. కత్తి మొన పెట్టి గీశాడు. ఎండి రాయిలా ఉన్న గోడ గీతకు లొంగలేదు. ఇంకాస్త అదిమాడు. అరచేయంత పెళ్ల ఊడి కింద ఆకుల్లో పడింది.

లోపల తల్లి ఉంది. రెక్కల ఈకలు లేక బోసిగా, చిన్నదిగా, గోడకు అంటుకుపోయి ఉంది. దాని పొట్ట కింద ఈక మొలవని పిల్ల. తల్లి గట్టిగా అరిచింది. అయినా ఆయన చేతులు ఆగలేదు. అద్దాన్ని కొమ్మ సందులో ఇరికించాయి, ప్లేటు దూర్చాయి, షట్టరు తెరిచే రబ్బరు బుడ్డి నొక్కాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది కూడా ఆయన గొంతే. తల్లి ముక్కుతో సందు అంచును పొడుస్తూ ఉంది. కోపంతో నన్ను పొడవబోతోంది అనుకున్నాడు.

తర్వాత కూజాలో నీళ్లతో బెరడుకు అంటిన మట్టి తడిపి పూయబోయాడు. అది జారిపోయింది. మళ్లీ పూశాడు. మళ్లీ జారిపోయింది. ఇంతలో కింద ఆకుల చప్పుడైంది.

"అయిందా బాబూ?"

"అయింది గాసీ. దిగిపోతున్నాను."

కింద గాసి ఇచ్చిన చల్లటి గెడ్డ నీళ్లు ఆయన తాగాడు. తాగకపోతే బాగుండదని తాగాడు.

ట్రావెలర్సు బంగళా గూడెంనుంచి మూడు మైళ్లు. మర్నాడు ఆయన రాకుండా ఉండిపోవచ్చు. రాకపోతే అనుమానం వస్తుందన్న భయంతో వచ్చాడు. వచ్చేసరికి గాసి వాకిట్లో జనం. గూడెం పెద్ద మంగ్లు మధ్యలో నిలబడి ఉన్నాడు. బాటకు వేసిన కంప సరిచూడటానికి పోయి, పొద్దున్నే విరిగిన గోడ చూశాడట.

"ఈ బాబు ముట్టుకున్నాడేటి?" అని అడిగాడు మంగ్లు. అడిగింది గాసిని.

"బాబు ముట్టుకోడు. మాటిచ్చినాడు" అన్నాడు గాసి. ఆలోచించకుండా, వెంటనే అన్నాడు.

అప్పుడు చెప్పవలసింది. నోరు తెరిస్తే చాలు. కూర్మనాథం నోరు తెరిచాడు. "కోతులేమో" అన్నాడు.

"కోతులా?" మంగ్లు ఆయన ముఖంలోకి చూశాడు. "కోతులైతే మళ్లీ వత్తాయి. పిల్లని లాగేత్తాయి. చెట్టు మొదట్లోనే ఉండి కాపు కాయాల. గాసీ, నీ చెట్టు. నువ్వు కూకో. ఇంకొకణ్ని తోడు తీసుకో."

గాసి విల్లు తీసుకున్నాడు. "నాను కాపున్నప్పుడే ఇలాగైంది. మొదటి గుప్పెడు మాకింక రాదేమో" అన్నాడు మెల్లగా, దేముడమ్మతో. ఆమె అటక వైపు ఒకసారి చూసి, కొంగు బిగించుకుని, "పిల్ల బతకనీ ముందు" అంది.

కూర్మనాథం బంగళాకు తిరుగుముఖం పట్టాడు. దారిలో ఎదుటి గట్టు మీద మోడుబారిన చెట్టు చిటారున మగ కొమ్ముపిట్ట కూర్చుని ఉంది. గొంతు పళ్లతో ఉబ్బి ఉంది. కిందికి వంగి చూస్తోంది, ఎగరబోయి మళ్లీ కూర్చుంటోంది. గూటి కింద మనుషులు కనిపిస్తుంటే అది వాలదని ఆయనకు తెలుసు. ఆ సంగతి నోటుపుస్తకంలో తన చేత్తో రాసుకున్నాడు కూడా. తెలిసీ ఆగకుండా నడిచాడు.

మధ్యాహ్నం బంగళా స్నానాలగది కిటికీకి గోనెపట్టా కట్టి, ఎర్రదీపం పెట్టుకుని ప్లేటు కడిగాడు. కడుగుతున్నందుకు తనకే సిగ్గనిపించింది. అయినా కడిగాడు. మందునీళ్లలో మెల్లగా బొమ్మ తేలింది. గోడ మీది గరుకు, తల్లి కంటి చుట్టూ సన్నటి రెప్పవెంట్రుకలు, పిల్ల ఒంటి మీది ముడతలు, అన్నీ అద్దంలో చూసినట్టు స్పష్టంగా వచ్చాయి. ఒక్క ముక్కు మాత్రం చెదిరింది. కొన దగ్గర విసనకర్ర విప్పినట్టు అటూ ఇటూ అలుక్కుపోయింది.

మొదట ఆయనకు చిరాకే వేసింది. పాడైంది అనుకున్నాడు. అంత చేసి, ఇంత దగ్గర్నుంచి తీసి, పాడైంది.

ప్లేటును దీపం దగ్గరగా పట్టుకుని చూశాడు. ముక్కు ముందుకూ వెనక్కీ కదల్లేదు. పొడిచేదైతే ముందుకు రావాలి. ఇది పక్కకు కదిలింది, అంచు వెంట, అటూ ఇటూ. ముక్కు కొనలో ఒక ముద్ద ఉంది.

అది పూస్తోంది. మనిషి ముఖం చెయ్యి చాచేంత దూరంలో ఉండగా, అద్దపు వెలుగు కళ్లలో పొడుస్తుండగా, ఆ ఒకటి రెండు మూడు లెక్కలోనే అది గోడ మళ్లీ మొదలుపెట్టేసింది. ఆయన దాన్ని కోపం అనుకున్నాడు.

కూర్మనాథం బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. పొద్దుటినుంచీ గాసి ఆ చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ మగది వాలి ఉండదు. లేని కోతులనుంచి కాపాడుతూ గాసి తన చేతులారా ఆ తల్లినీ పిల్లనూ పస్తు పెడుతున్నాడు. చెప్పులు తొడుక్కోవడం కూడా మర్చిపోయి బయటికొచ్చాడు, గుమ్మం దాటాక కాళ్లు కాలి వెనక్కి వెళ్లి తొడుక్కున్నాడు. మూడు మైళ్లూ ఎండలో గబగబా నడిచాడు. ఆయన పరుగెత్తే వయసు కాదు, కొంత దూరం పరుగెత్తాడు.

గాసి చెట్టు మొదట్లో విల్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తోడున్నవాడు తిండికి పోయినట్టున్నాడు.

"గాసీ, కోతులు కావు. నేనే. కత్తితో. నిన్ను నీళ్లకి పంపి చేశాను. నీళ్లున్నాయి నా దగ్గర."

గాసి ఆయన వైపు చూడలేదు. పైన గోడ వైపు చూశాడు, ఎదుటి గట్టు వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నడండి బాబూ. ముందిక్కడినించి అవతలికి నడండి. మనం ఉంటే అది రాదు."

గూడెంలోకి వచ్చాక మంగ్లు ముందూ, మిగతావాళ్ల ముందూ కూర్మనాథం మళ్లీ చెప్పాడు. ఒకసారి చెప్పాక రెండోసారి తేలికవుతుందనుకున్నాడు. అవలేదు.

"ఓలమ్మో! కత్తట్టుకొచ్చిన కోతి!" అంది దేముడమ్మ. "సదూకున్న కోతి! నా గుంటకి మందిచ్చిన సేత్తోనే గీకినావా బాబూ? పొద్దున్నే సెప్పుంటే అప్పుడే అందరం అవతలుండేవోళ్లం కదా! దానికి ఓ పూట కూడు దక్కేది కదా!"

ఎవరో మంచె విప్పడానికి లేచారు. "ఇప్పుడొద్దు" అని మంగ్లు ఆపాడు. "మంచె సోలికి ఎల్లొద్దు. ఎవుడూ ఎల్లొద్దు. పిల్ల ఎగిరిందాకా."

"తప్పు నాది. గాసికేం తెలియదు" అన్నాడు కూర్మనాథం. "మీరేం జరిమానా వేసినా నాకు వేయండి."

మంగ్లు నేల మీద గొంతుక్కూర్చుని, పుల్ల ఒకటి తీసి విరిచాడు.

"నీకు తప్పెయ్యాలంటే నువ్వు మా మడిసివి కావాల. కావు కదా. రేప్పొద్దున బండెక్కి ఎలిపోతావు. నీ మీద మాకేటుంది? తెచ్చినోడి మీదుంది."

"నేనే కావాలని పంపానంటున్నాను కదా!"

"పంపుతే మాత్రం ఎల్తాడా? కాపున్నోడు ఎల్తాడా?"

"ఎల్లకూడదు" అన్నాడు గాసి. "నానెల్లాను."

ఆ ఏడు మొదటి గుప్పెడు గూడెంలోనే ఉన్న సోములమ్మ ఇంటినుంచి పడుతుందని మంగ్లు చెప్పాడు. గాసి తలూపాడు. దేముడమ్మ ఇంట్లోకి పోయింది.

కూర్మనాథం అక్కడే నిలబడ్డాడు. ఒప్పుకుంటే చాలు, గాసి మీది మాట తన మీదికి వచ్చేస్తుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. అలా రావడానికి కూడా ఒక చోటు ఉండాలి. ఆయనకు ఇక్కడ చోటు లేదు.

"గోడ... అది మళ్లీ కట్టుకుంటుందా?"

"కట్టుకుంటాదో నేదో దాని పని. మనం దూరంగుంటే కట్టుకుంటాది" అన్నాడు మంగ్లు.

"ఆ పై గట్టు మీద కూర్చుంటాను. చాలా దూరం కదా. బైనాక్యులర్సుతో చూస్తాను. కదలను. మగది వాలుతుందో లేదో అంతవరకే."

మాట బయటికొచ్చాక గాని తనేం అడిగాడో ఆయనకు తెలియలేదు. వాకిట్లో ఎవరూ తిట్టలేదు. మంగ్లు చేతిలోని పుల్ల ముక్కలు కింద పడేసి, నిజంగానే ఆశ్చర్యపోయినవాడిలా, "ఇంకా సూడాలా?" అన్నాడు.

కూర్మనాథం తల దించుకున్నాడు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు వెనక నవ్వుకున్నా, పరీక్ష కాగితాల్లో పొరపాటు పట్టుబడినా ఎన్నడూ ఇంత సిగ్గు వేయలేదు.

దేముడమ్మ ఇంట్లోంచి డొప్పలో అంబలి తెచ్చింది. ఆయన ముందు పెట్టింది, ముఖం పక్కకు తిప్పుకునే పెట్టింది. "ఎండనపడి వచ్చినాడు. తాగి ఎల్లమను" అంది, ఆయనతో కాదు, గాసితో. వద్దనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అక్కడ అందరూ చూస్తుండగా చివరి చుక్క వరకు తాగాడు.

మర్నాడు పెట్టె మోయడానికి ఎవరూ రారనుకుని, కెమెరా ఒక భుజానికీ ప్లేట్ల పెట్టె ఒక చేతికీ సర్దుకుంటున్నాడు. గాసి వచ్చాడు. పెట్టె మోస్తానని ముందే ఒప్పుకున్న రోజు అది, అందుకని వచ్చాడు. ప్లేట్ల పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. ఒకచోట దారికడ్డంగా రాళ్లు జారి ఉంటే గాసి ఆగి, కాలితో పక్కకు నెట్టి, మళ్లీ నడిచాడు.

బండిబాట మీద బండి సిద్ధంగా ఉంది. కూర్మనాథం జేబులోంచి రెండు పోస్టుకార్డులు తీశాడు. వాటి మీద తన చిరునామా రాత్రే రాసుకున్నాడు.

"గాసీ, వానలు పడ్డాక అనంతగిరిలో ఎవరిచేతనైనా రాయించి ఒకటి పోస్టుడబ్బాలో వెయ్యి. పిల్ల బయటికొచ్చిందో లేదో, అంతే. ఒక్క ముక్క."

గాసి కార్డుల వైపు చూశాడు. కోపంగా అడగలేదు, ఎద్దేవాగా కూడా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

"తెలిసి ఏటి సేత్తారు బాబూ?"

కూర్మనాథం జవాబు వెతికాడు. పిల్ల బతికిందని తెలిస్తే నిద్ర పడుతుంది. చచ్చిందని తెలిస్తే ఏడుస్తాడు. రెండూ తన కోసమే. ఆ తొర్రలో ఉన్నవాటికి గాని, గాసికి గాని, అటక మీది బుట్టకు గాని అందులో ఏమీ లేదు.

"ఏమీ చేయను గాసీ" అన్నాడు. కార్డులు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

గాసి తలూపాడు. ప్లేట్ల పెట్టెను బండిలో పెట్టబోయి ఆగాడు. బండి అడుగున రాళ్లూ చీలలూ తగులుతాయేమోనని చేత్తో తడిమి చూశాడు. ఎద్దుల మేతలోంచి రెండు పిడికిళ్ల గడ్డి తీసి పరిచి, దాని మీద పెట్టెను నెమ్మదిగా దించాడు. రెండు పక్కలా మరికాస్త గడ్డి కూరాడు.

"గాజు కదా బాబూ. గుంటల్లో బేగి పగిలిపోతాది" అని, చేతులు దులుపుకుని కొండ ఎక్కిపోయాడు.